మాసిలన్–మెకిన్లీ పోటీ: ఎవరెన్ని గెలిచారన్న లెక్కలు ఎందుకు కలవవు

అడిగింది ఇది: అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉంటున్న ఒక తెలుగు కుటుంబాన్ని ఆఫీసు మిత్రులు మాసిలన్–మెకిన్లీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి రమ్మంటున్నారు. హైస్కూల్ పిల్లల ఆటకి వేలల్లో జనం ఎందుకు, ఈ పంతం ఎప్పటిది, గెలుపోటముల లెక్క ఒక్కోచోట ఒక్కోలా ఎందుకుంది, దేన్ని నమ్మాలి?

ముందుగా ఒక మాట. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం చిన్నప్పుడు కాలితో తన్నిన బంతి కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, అడ్డొచ్చినవాళ్లను గుద్దుకుంటూ ఎండ్ జోన్ (మైదానం చివరి పట్టీ) దాకా మోసుకెళ్లే అమెరికన్ ఆట. హెల్మెట్లు, భుజాలకు ప్యాడ్లు ఉంటాయి. ఒక్కో జట్టుకు పదకొండుగురు. ఆడేది పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు.

రెండు ఊళ్లూ ఒహాయో ఈశాన్యంలో, స్టార్క్ కౌంటీలోనే ఉన్నాయి. మాసిలన్ జనాభా 32 వేలు, కాంటన్ 70 వేల పైచిలుకు. మధ్య దూరం ఎనిమిది మైళ్లే, కారులో పావుగంట ప్రయాణం. మాసిలన్ వాళ్లది వాషింగ్టన్ హైస్కూల్. జట్టు పేరు టైగర్స్, రంగులు నారింజ, నలుపు. కాంటన్ వాళ్లది మెకిన్లీ హైస్కూల్. జట్టు పేరు బుల్‌డాగ్స్, రంగులు ఎరుపు, నలుపు. అమెరికా 25వ అధ్యక్షుడు విలియం మెకిన్లీ కాంటన్‌లోనే ఉండేవాడు, సమాధి కూడా అక్కడే. స్కూలుకు ఆ పేరు అలా వచ్చింది. రెండు ఊళ్లలోనూ ఉక్కు మిల్లులుండేవి. కాంటన్‌లో వాటికి తోడు టిమ్కెన్ వాళ్ల బేరింగుల ఫ్యాక్టరీ. శనివారం ఎదురెదురు గ్యాలరీల్లో కూర్చుని అరుచుకున్నవాళ్లు సోమవారం మళ్లీ పనిలోనో, బజారులోనో ఒకరికొకరు తగలక తప్పదు. దూరాన ఉన్న ఊరి చేతిలో ఓడితే నాలుగు రోజుల్లో మర్చిపోతారు. పక్క ఊరి చేతిలో ఓడితే ఏడాదంతా వినాలి.

ఇక లెక్కలు. గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది.

రెండు స్కూళ్లూ మొదటిసారి తలపడింది 1894లో. కాంటన్ 16–6తో గెలిచింది. ఈ 16ని ఇవాళ్టి నిబంధనలతో చదివితే 7+6+3 అనుకుంటారు, అంటే రెండు టచ్‌డౌన్లు (బంతిని ఎండ్ జోన్‌లోకి చేర్చడం), వాటిలో ఒకదాని తర్వాత కొట్టిన కిక్కు, ఒక ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ కర్రల మధ్య నుంచి తన్నడం). అది తప్పు. 1894లో టచ్‌డౌన్‌కు 4 పాయింట్లే. ఆ తర్వాత కొట్టే కిక్కుకు 2, ఫీల్డ్ గోల్‌కు 5, సేఫ్టీకి (బంతి ఉన్న జట్టును దాని ఎండ్ జోన్‌లోనే పడేయడానికి) 2. ఆ కొలతతో చూస్తే 6 అంటే మాసిలన్‌ది ఒక టచ్‌డౌన్, దాని కిక్కు. 16 అంటే చాలావరకు మూడు టచ్‌డౌన్లు (12), రెండు కిక్కులు (4). 1898లో టచ్‌డౌన్ 5 అయింది, కిక్కు 1కి తగ్గింది. ఫీల్డ్ గోల్ 1904లో 4కి, 1909లో 3కి దిగింది. టచ్‌డౌన్ ఇప్పటి 6కి వచ్చింది 1912లో. కాబట్టి 1912కు ముందరి స్కోరును తర్వాతి స్కోరు పక్కన పెట్టి, అప్పట్లో తక్కువ కొట్టేవాళ్లని తీర్మానించకండి. అణా పైసల లెక్కను నయా పైసల్లో చదివినట్టుంటుంది.

రెండో చిక్కు పేర్లది. పాత పత్రికల్లో "మాసిలన్ టైగర్స్ కాంటన్ బుల్‌డాగ్స్‌ను ఓడించారు" అని కనిపించగానే చాలామంది దాన్ని స్కూలు మ్యాచ్ కింద రాసేసుకుంటారు. కానీ 1900ల తొలి ఏళ్లలో ఇవే పేర్లతో జీతాలిచ్చి ఆడించే పెద్దవాళ్ల జట్లు ఉండేవి. 1906లో ఆ రెండూ రెండుసార్లు ఆడాయి. మొదటిది కాంటన్ 10–5తో, రెండోది మాసిలన్ 13–6తో గెలిచాయి. ఆ వెంటనే మ్యాచ్ ముందే అమ్ముడుపోయిందన్న ఆరోపణ కాంటన్ కోచ్ మీద వచ్చింది. రుజువైతే కాలేదు గానీ, ఆ దెబ్బకు రెండు ఊళ్లలోనూ ప్రొఫెషనల్ ఆట కొన్నేళ్లు చతికిలబడింది. కాంటన్ మళ్లీ కోలుకుని 1915లో అప్పటి పేరున్న ఆటగాడు జిమ్ థోర్ప్‌ను తెచ్చుకుంది. 1920 సెప్టెంబర్ 17న ఆ ఊళ్లోనే రాల్ఫ్ హే అనే ఆయన హప్‌మొబైల్ కార్ల షోరూమ్‌లో జట్ల యజమానులు కూర్చుని, తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా పెద్ద ప్రొఫెషనల్ లీగు) అయిన లీగును నిలబెట్టారు. కుర్చీలు చాలక కొందరు కార్ల పక్క మెట్ల మీద కూర్చున్నారట. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1963లో కాంటన్‌లో తెరవడానికి మూలం అదే. ఇదంతా పక్కకథ. స్కూలు రికార్డులో ఇందులోంచి ఒక్క పాయింటు కూడా కలవకూడదు. గుర్తుపట్టడం సులువు: ఆటగాళ్ల పేర్ల పక్కన వేరే రాష్ట్రాల కాలేజీల పేర్లుంటే అది పెద్దవాళ్ల జట్టు.

మూడోది సంఖ్యది. నూరో మ్యాచ్ 1994లో జరిగింది. మెకిన్లీ ఓవర్‌టైమ్‌లో (స్కోరు సమమైతే ఆడే అదనపు ఆటలో) 42–41తో గెలిచింది. తేడా ఒక్క పాయింటు, అంటే టచ్‌డౌన్ తర్వాత కొట్టే ఆ చిన్న కిక్కు విలువ ఎంతో అంత. ఇప్పుడు వేళ్ల మీద లెక్కేయండి. 1894 నుంచి 1994 దాకా సీజన్లు 101. ఏటా ఒకటి చొప్పున ఆడి ఉంటే నూరోది 1993లోనే రావాలి. మొదట్లో కొన్నేళ్లు అసలు ఆడలేదు, కొన్నేళ్లు రెండేసి సార్లు ఆడారు. ప్లేఆఫ్‌లు (సీజన్ తర్వాత ఛాంపియన్‌ను తేల్చే నాకౌట్ మ్యాచ్‌లు) వచ్చాక ఒకే సీజన్‌లో మళ్లీ ఎదురుపడటం కూడా జరిగింది. రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లే లెక్కేసేవాళ్లకు ఒక సంఖ్య వస్తుంది, ప్లేఆఫ్‌లు కలిపేవాళ్లకు ఇంకొకటి. టైలను (సమంగా ముగిసిన మ్యాచ్‌లను) రెండు వైపులా వదిలేసేవాళ్లు, వేరే గడిలో పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. అందుకే నెట్‌లో రెండు మూడు లెక్కలు కనిపిస్తాయి. ఏదీ అబద్ధం కాదు. దేన్ని కలిపారో, దేన్ని వదిలారో రాయకపోవడమే తప్పు. మొత్తం మీద పైచేయి మాసిలన్‌దే, అందులో ఎవరికీ పేచీ లేదు.

ఇక అసలు కథ. ఈ పోటీ ఇంత పెద్దదవడానికి ఒక మనిషిని చూపించమంటే పాల్ బ్రౌన్‌నే చూపించాలి. పుట్టింది ఒహాయోలోనే నార్వాక్‌లో, 1908లో. తొమ్మిదేళ్లప్పుడు కుటుంబం మాసిలన్‌కు వచ్చింది. వాషింగ్టన్ హైస్కూల్‌కే క్వార్టర్‌బ్యాక్‌గా (ఎత్తుగడ నడిపే ఆటగాడిగా) ఆడాడు. మేరీల్యాండ్‌లో ఒక స్కూలుకు రెండేళ్లు కోచ్‌గా చేసి, 1932లో సొంత స్కూలుకు కోచ్‌గా తిరిగొచ్చాడు. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్లు. మొదటి ఏడాది 5 గెలుపులు, 4 ఓటములు, 1 టై. మెకిన్లీ మీద వరసగా మూడేళ్లు, 1932, 33, 34, ఓడిపోయాడు. 1935లో 6–0తో గెలిచాడు. అక్కణ్ణుంచి 1940లో వెళ్లిపోయేదాకా మెకిన్లీ చేతిలో మళ్లీ ఓడలేదు. తొమ్మిదేళ్లలో అతని మొత్తం లెక్క 80 గెలుపులు, 8 ఓటములు, 2 టైలు.

అతను చేసిన పనిలో మంత్రమేమీ లేదు, పద్ధతి ఉంది. హైస్కూల్ జట్టు ఆడే ఎత్తుగడలనే, అవే పేర్లతో, కింది తరగతుల స్కూళ్లలో కూడా నేర్పించాడు. పిల్లవాడు పెద్ద జట్టుకు వచ్చేసరికి కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ, వేగం పెంచుకోవాల్సింది ఎక్కువ. ప్రతి ఒక్కడూ నోట్‌బుక్ పెట్టుకోవాలి, ఎత్తుగడల మీద రాతపరీక్షలు రాయాలి. పక్క ఊరు ఏటా తొమ్మిదో తరగతిలో ఓనమాలు దిద్దించుకుంటుంటే, మాసిలన్ పిల్లలు అప్పటికే గుణింతాలు దాటి ఉండేవాళ్లు. జట్టు బలం ఒక ఏడాదితో పోకుండా నిలిచింది దీనివల్లే. మిగతా ఊళ్లు కాపీ కొట్టడానికి చాలాకాలం పట్టిందీ దీనివల్లే. మ్యాచ్‌లో వేసే ఎత్తును గ్యాలరీలో కూర్చుని రాసుకోవచ్చు, ఏడో తరగతి పాఠాన్ని రాసుకోలేరు.

1940 జట్టు లెక్క విడిగా చూడదగ్గది. సీజన్ మొత్తంలో వాళ్లు కొట్టింది 477, ఇచ్చింది 6. ఆ ఆరు ఇచ్చింది ఎవరికనుకున్నారు? మెకిన్లీకే, 34–6 మ్యాచ్‌లో. ఆ ఏడాది మాసిలన్ మీద టచ్‌డౌన్ చేయగలిగింది ఒక్క మెకిన్లీయే. పెద్ద తేడాతో ఓడినా కాంటన్ వాళ్లు తల ఎత్తుకుని చెప్పుకోగల సంగతి అది.

అవతలి ఒడ్డున మారియన్ మోట్లీ ఉన్నాడు. మెకిన్లీకి ఆడిన నల్లజాతి కుర్రాడు, గుద్దితే ఆగని ఫుల్‌బ్యాక్ (బంతి పట్టుకుని దూసుకెళ్లేవాడు). అతను ఆడిన మూడేళ్లలో మెకిన్లీ ఓడింది మూడే మ్యాచ్‌లు, మూడూ బ్రౌన్ జట్టు చేతిలోనే. తర్వాత బ్రౌన్ ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి వెళ్లి 1942లో జాతీయ ఛాంపియన్‌షిప్ తెచ్చాడు. 1946లో క్లీవ్‌ల్యాండ్‌లో కొత్తగా మొదలైన ప్రొఫెషనల్ జట్టుకు కోచ్ అయ్యాడు. క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్ అన్న పేరు అతనిదే. పెద్ద లీగుల్లో నల్లవాళ్లను దాదాపు పన్నెండేళ్లుగా ఆడనివ్వని ఆ రోజుల్లో, 1946లో ఆ గీత దాటిన నలుగురిలో మోట్లీ ఒకడు. జట్టులోకి తీసుకున్నది బ్రౌన్. మూడేళ్లు ఎదురుగా నిలబడి చూసినవాడికి వేరే సిఫారసు అక్కర్లేదు కదా. 1968లో మోట్లీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు. ఆ భవనం అతను చదివిన ఊళ్లోనే ఉంది. ఈ పోటీ గురించి ఒక్క ముక్కే చెప్పమంటే స్కోర్లు వదిలేసి ఇదే చెప్పాలి.

బ్రౌన్ వెళ్లాక కూడా మాసిలన్ వెంటనే జారిపోలేదు. 1937 నుంచి ఓటమి లేని మ్యాచ్‌ల వరస 52 దాకా సాగింది. 1942లో దాన్ని తెంచింది మళ్లీ మెకిన్లీయే, 35–0తో. ఇలాంటి చోట ఒక జాగ్రత్త ఉంది. "ఓటమి లేని వరస", "గెలుపుల వరస" ఒకటి కావు. మధ్యలో టై ఉంటే మొదటిది తెగదు, రెండోది తెగుతుంది. పత్రికల వాళ్లు ఈ రెంటినీ ఇష్టమొచ్చినట్టు మార్చి రాస్తారు.

స్టేడియాలు కూడా పోటీలో భాగమే. కాంటన్‌లో ఫాసెట్ స్టేడియం 1938లో తెరిచారు. మరుసటి ఏడాది మాసిలన్ తనది కట్టుకుంది. రూజ్‌వెల్ట్ కాలపు ఉపాధి పథకం డబ్బుతో కట్టిన ఆ కాంక్రీటు గ్యాలరీకి 1976లో పాల్ బ్రౌన్ పేరు పెట్టారు. ఇప్పుడు అందులో 16 వేల పైచిలుకు కూర్చోవచ్చు, అంటే ఊళ్లో సగం మంది పట్టేస్తారు. ఫాసెట్‌ను తిరగగట్టి టామ్ బెన్సన్ హాల్ ఆఫ్ ఫేమ్ స్టేడియం అని పేరు మార్చారు. మెకిన్లీ ఆడేది అందులోనే.

ఊరి సందడి సంగతి కూడా తెలుసుకోవాలి. బూస్టర్ క్లబ్ అని ఊరి పెద్దలు, వ్యాపారులు, పాత ఆటగాళ్లు కలిసి నడిపే సంఘం ఉంటుంది. సీజన్‌లో వారం వారం కూడి, కోచ్‌ను పిలిచి, ఆడిన మ్యాచ్ వీడియో వేసుకుని చూస్తారు. మాసిలన్‌లో మగపిల్లాడు పుడితే ఆసుపత్రి ఉయ్యాలలో చిన్న ఫుట్‌బాల్ పెట్టే ఆనవాయితీ ఈ క్లబ్బుదే. బ్యాండు పేరు టైగర్ స్వింగ్ బ్యాండ్. 1938లో దాన్ని చేతికి తీసుకున్న జార్జ్ బర్డ్‌ను తర్వాత బ్రౌన్ క్లీవ్‌ల్యాండ్‌కు కూడా తీసుకెళ్లాడు. పులి బొమ్మ పేరు ఓబీ. ఆరెంజ్, బ్లాక్ అన్న మాటల మొదటి అక్షరాల నుంచి వచ్చింది. నిజం పులిపిల్లను మైదానానికి తెచ్చే అలవాటు కూడా ఉండేది. 2012లో క్రూరమృగాల పెంపకం మీద రాష్ట్రం కఠినమైన చట్టం తెచ్చాక, ఈ పిల్ల సంగతి శాసనసభలో చర్చ దాకా వెళ్లింది. నిజం చెప్పాలంటే పులిపిల్ల లేకపోయినా ఆటకి వచ్చే లోటేమీ లేదు.

కోచ్ ఉద్యోగం మాత్రం ముళ్ల కుర్చీ. చక్ మాథర్ ఆరేళ్లలో 57 గెలిచి 3 ఓడి, 1954లో కాన్సస్ యూనివర్సిటీకి వెళ్లాడు. ఎర్ల్ బ్రూస్ 1964, 65 రెండు సీజన్లలో ఇరవైకి ఇరవై గెలిచాడు, తర్వాత ఒహాయో స్టేట్ దాకా వెళ్లాడు. గెలిస్తే కాలేజీలు ఎగరేసుకుపోతాయి. మెకిన్లీ చేతిలో వరసగా ఓడితే ఊరే పంపేస్తుంది. ఆటగాళ్లలో పేరు తెచ్చుకున్నవాడు క్రిస్ స్పీల్‌మన్, మాసిలన్ లైన్‌బ్యాకర్ (అవతలి దాడిని ఆపేవాడు). 1983లో వీటీస్ అనే అల్పాహారపు సీరియల్ అట్టపెట్టె మీద బొమ్మ పడిన మొదటి హైస్కూల్ ఆటగాడు.

ఇప్పుడు "రాష్ట్ర ఛాంపియన్" అన్న మాట. మీరు చూసిన లెక్కల్లో ఎక్కువ గొడవ దీని మీదే ఉండి ఉంటుంది. ఒహాయోలో ప్లేఆఫ్‌లు మొదలైంది 1972లో. అంతకు ముందు సీజన్ చివర పత్రికల వాళ్లు ఓట్లేసి ఎవరు మొదటిదో తేల్చేవాళ్లు, అదే పోల్. ఇంకా వెనక్కి వెళ్తే పోల్ కూడా లేదు, పత్రికలు ప్రకటిస్తే అదే. మాసిలన్ చెప్పుకునే 24 టైటిళ్లు ఆ కాలానివి. మైదానంలో ఫైనల్ ఆడి తెచ్చుకున్నవి కావు. మెకిన్లీ ప్లేఆఫ్ టైటిళ్లు మూడు: 1981, 1997, 1998. పంతం వేసుకున్నప్పుడు మాసిలన్ వాళ్లు మొత్తం సంఖ్య చెప్తారు, కాంటన్ వాళ్లు "1972 తర్వాత ఎన్ని?" అంటారు. చాలాకాలం ఆ ప్రశ్నకు మాసిలన్ దగ్గర జవాబు లేదు. 2018, 2019, 2020ల్లో వరసగా మూడుసార్లు ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయారు.

ప్లేఆఫ్‌లు వచ్చాక ఈ మ్యాచ్ విలువ కూడా మారింది. పోల్ రోజుల్లో ఇదే సీజన్ చివరి మ్యాచ్. ఇక్కడ ఓడితే తొమ్మిది గెలుపులూ గంగలో కలిసినట్టే, ఎందుకంటే ఓట్లేసేవాళ్లకు చివరిగా గుర్తుండేది ఇదే. ఇప్పుడు ఇది రెగ్యులర్ సీజన్‌లో పదో వారం, ఆ తర్వాత ప్లేఆఫ్. అందులోకి ఎవరు వెళ్లాలో కంప్యూటర్ పాయింట్లు తేలుస్తాయి. నువ్వు ఓడించిన జట్టు ఏ డివిజన్‌దో (స్కూలు పరిమాణాన్నిబట్టి చేసిన వర్గం) చూసి కొన్ని పాయింట్లు, ఆ జట్టు ఇంకెన్ని గెలిచిందో చూసి మరికొన్ని వస్తాయి. ఇందులో తమాషా ఏమంటే, మెకిన్లీని మాసిలన్ ఓడించి ఉంటే, మెకిన్లీ ఆ సీజన్‌లో గెలిచిన ప్రతి మ్యాచ్ మాసిలన్ ఖాతాలోనూ కొంత వేస్తుంది. అంటే పదో వారం దాకా శత్రువు గెలవాలని లోలోపల కోరుకోవాలి. బయటికి ఎవరూ ఒప్పుకోరు.

పాత స్కోరు ఒకటి నిజమో కాదో చూడాలంటే ఈ వరసలో వెళ్లండి. ముందు తేదీ, మైదానం పట్టుకోండి. తర్వాత రెండు ఊళ్ల పత్రికలూ చూడండి, కాంటన్‌ది రిపాజిటరీ, మాసిలన్‌ది ఇండిపెండెంట్. పాతవి లైబ్రరీల్లో మైక్రోఫిల్మ్ మీద ఉంటాయి. శనివారం మ్యాచ్ వార్త ఒకదాంట్లో ఆదివారం, ఇంకోదాంట్లో సోమవారం పడొచ్చు. సంచిక తేదీనే మ్యాచ్ తేదీ అని రాసుకోవడం అందరూ చేసే పొరపాటు. మొదటి పేజీ హెడ్డింగ్ కాకుండా లోపలి పేజీలో క్వార్టర్ల (ఆటలో నాలుగో వంతుల) వారీ చిన్న పట్టిక ఉంటే అది చూడండి. నాలుగు గడులు కూడితే హెడ్డింగ్‌తో కలవాలి. కలవకపోతే పట్టికనూ, వార్తలో రాసిన టచ్‌డౌన్లనూ ఆ ఏటి పాయింట్ల విలువతో మళ్లీ కూడండి. ఆఖరికి స్కూలు ఇయర్‌బుక్. దాన్ని చివర చూడమనేది ఎందుకంటే, సొంత ఊరి ఓటములు అందులో ఒక వాక్యంలో తేలిపోతాయి. "కాంటన్" అని మాత్రమే రాసి ఉంటే అది ఏ స్కూలో కూడా చూసుకోండి. ఆ ఊళ్లో వేరే హైస్కూళ్లు కూడా ఉండేవి. వాటిలో టిమ్కెన్ 2015లో మెకిన్లీలో కలిసిపోయింది.

2023 సంగతి చెప్పకపోతే జవాబు పూర్తికాదు. ఆ ఏడాది మాసిలన్ ఒక్కటీ ఓడకుండా పదహారు గెలిచింది. రెండో డివిజన్ ఫైనల్‌లో ఆక్రన్ నుంచి వచ్చిన హోబన్ స్కూలు జట్టును 7–2తో ఓడించి, మొదటి ప్లేఆఫ్ టైటిల్ తెచ్చుకుంది. ఏడంటే ఒక టచ్‌డౌన్, కిక్కు. రెండంటే సేఫ్టీ, అంటే బంతి చేతిలో ఉన్న జట్టును దాని ఎండ్ జోన్‌లోనే పడేస్తే అవతలివాళ్లకు వచ్చేది. ఆ ఫైనల్ జరిగింది కాంటన్‌లో, మెకిన్లీ సొంత మైదానంలో.

మీరు వెళ్లదలిస్తే: మిగతా హైస్కూల్ మ్యాచ్‌లు శుక్రవారం రాత్రి జరుగుతాయి, ఇది మాత్రం ఆనవాయితీగా శనివారం మధ్యాహ్నం. ఒక ఏడాది మాసిలన్‌లో, మరుసటి ఏడాది కాంటన్‌లో ఉంటుంది కాబట్టి ఏ స్టేడియమో ముందే చూసుకోండి. అక్టోబర్ చివర, ఎండ ఉన్నా కాంక్రీటు మెట్లు చల్లగా ఉంటాయి, కింద వేసుకోవడానికి ఒక దుప్పటి పట్టుకెళ్లండి. హాఫ్‌టైమ్‌లో టీ కోసం లేవకండి, బ్యాండ్లు వచ్చేది అప్పుడే. టికెట్టు ఏ వైపు గ్యాలరీదో చూసుకుని దాన్నిబట్టి చొక్కా వేసుకోండి. రెండు స్కూళ్లకీ నలుపు ఉంది గనక తేల్చుకోలేకపోతే నలుపు.